పేరు పడని రీళ్లు

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో సినిమాను అద్దెకిచ్చేవారు కాదు, అమ్మేవారు. బట్టల కొట్టులో తాను కొలిచినట్టు ఫిల్మును మీటర్ల లెక్కన కొలిచి ఇచ్చేవారు. కొనేవాళ్లలో ఎక్కువమంది ఊరూరా తిరిగి సంతల్లో గుడారం వేసి బొమ్మ ఆడించుకునేవాళ్లు. వాళ్లకు కావలసినవి కేటలాగులో ఒక నంబరు, ఒక పేరు, పొడవెంత, ధరెంత. ఫిల్ముకు కంపెనీ ముద్ర ఉండేది. పాతే వాళ్లది కోడిపుంజు, గోమోఁ వాళ్లది డైసీ పువ్వు. తీసినవాళ్ల పేరు ఎక్కడా ఉండేది కాదు, ఎవరూ అడిగేవారూ కాదు.

ఈ పద్ధతి తెలియకపోతే ఆలిస్ గీ జీవితం అర్థం కాదు. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా దర్శకురాలు అని ఇప్పుడు ఆమె గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తున్నారు. నాకు ఆ ఒక్క ముక్క చాలదు. నేను సెట్‌లో కంటిన్యూటీ రాసి బతికినదాన్ని. ఏ టేక్ ఓకే అయింది, హీరోయిన్ ఏ చేత్తో తలుపు తీసింది, చేతికి గాజులెన్ని, ఇవన్నీ కాగితం మీద పెట్టడమే నా పని. కాగితం మీద లేనిది ఎడిటింగ్ రూములో లేనట్టే. అందుకే ఆమె కథను నేను ఆ కాగితాల వైపు నుంచి చదువుతాను.

ఆలిస్ గీ 1873 జులై 1న పారిస్ పక్కన సాఁ మాఁదేలో పుట్టింది. తండ్రికి దక్షిణ అమెరికాలోని చిలీలో పుస్తకాల వ్యాపారం. పసితనం స్విట్జర్లాండ్‌లో అమ్మమ్మ దగ్గర, తర్వాత కొంతకాలం చిలీలో, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో సన్యాసినుల బడిలో గడిచింది. వ్యాపారం దెబ్బతింది, 1891లో తండ్రి పోయాడు. ఇంటి భారం నెత్తిన పడ్డ అమ్మాయి షార్ట్‌హ్యాండూ టైపూ నేర్చుకుంది. 1894లో ఫొటో సామగ్రి అమ్మే ఒక కంపెనీలో సెక్రటరీగా చేరింది. ఆ మరుసటి ఏడాదే ఆ కంపెనీ లెయోఁ గోమోఁ చేతికి వచ్చింది. ఎవరు ఏ కెమెరా ఆర్డరిచ్చారు, ఏ లెన్సుకి ఏం జవాబు రాయాలి, ఏ శాస్త్రవేత్తకు ఏ ఉత్తరం వెళ్లాలి, అన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్లేవి. కెమెరా లోపలి సంగతులన్నీ ఆమె ఆ ఉత్తరాల్లోనే నేర్చుకుందని నా నమ్మకం.

1895 మార్చి 22న లూమియేర్ సోదరులు పారిస్‌లో ఒక పరిశ్రమల సంఘం సభ్యులకు తమ యంత్రాన్ని చూపించారు. జనం టికెట్ కొని చూసిన ఆట అదే ఏడాది డిసెంబరులో పడింది, ఇది దానికి తొమ్మిది నెలల ముందు సంగతి. గోమోఁతోపాటు ఆలిస్ కూడా అక్కడ ఉంది. తెర మీద ఫ్యాక్టరీ గేటు తెరుచుకుంది, కూలీలు బయటికొచ్చారు, అంతే సినిమా. ఆ రోజుల్లో గోమోఁకి కావలసింది యంత్రాలు అమ్ముకోవడం. యంత్రంతో ఏం తీయవచ్చో కొనేవాళ్లకు చూపించడానికి రైళ్లూ కవాతులూ సరిపోతాయని ఆయన అనుకున్నాడు. చిన్న కథ ఏదైనా ఆడించి తీస్తే బాగుంటుంది కదా అని ఆలిస్ అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు, కానీ ఆఫీసు పని ఒక్క పూట కూడా ఆగకూడదన్నాడు. అలా వచ్చింది 'క్యాబేజీ దేవత'. మగపిల్లలు క్యాబేజీల్లో పుడతారని ఫ్రాన్స్‌లో పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మాట ఒకటుంది. ఒకావిడ తోటలో నడుస్తూ, బొమ్మ క్యాబేజీల మధ్యనుంచి నిజం పసిబిడ్డలను ఒక్కొక్కరినీ ఎత్తి చూపిస్తుంది. నిడివి ఒక నిమిషం. తాను దీన్ని 1896లో తీశానని ఆలిస్ రాసుకుంది. ఇప్పుడు మనకు దొరుకుతున్న ప్రతి 1900 నాటిదని పరిశోధకులు అంటారు. ఆ తగవులో నాకు పెద్ద ఆసక్తి లేదు. మొదటి కథాచిత్రం ఎవరిదైనా కానివ్వండి, ఆ తర్వాత దాదాపు పదేళ్లపాటు గోమోఁ కంపెనీ చిత్రనిర్మాణ శాఖ మొత్తాన్ని నడిపింది ఈ సెక్రటరీయే.

నడిపింది అంటే ఊరికే సంతకాలు పెట్టిందని కాదు. కథలు రాసింది, నటుల్ని ఎంచుకుంది, సెట్లు వేయించింది, కొత్తవాళ్లకు పని నేర్పింది. మాటల యుగం రాకముందే పాటలు తీసింది. క్రోనోఫోన్ అని గోమోఁ యంత్రం ఒకటుండేది. గాయకుడు ముందు స్టూడియోలో పాడితే పాటను రికార్డు చేసేవారు. తర్వాత ఆ రికార్డు తిప్పి, దానికి తగ్గట్టు అతను పెదవులు కదుపుతుంటే కెమెరా తిరిగేది. థియేటర్లో ప్రొజెక్టరునూ రికార్డునూ కరెంటుతో జోడించి ఒకే వేగంతో నడిపేవారు. హాలంతా వినబడడానికి గాలి ఒత్తిడితో శబ్దం పెంచేవారు. సెట్‌లో నాగ్రా టేపు రికార్డర్ మీద పాట వేసి, పల్లవి మొదలవగానే హీరో పెదవి కలిసిందా లేదా అని కళ్లు చిట్లించి చూసిన నాలాంటి వాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మన తెలుగు టాకీ రావడానికి పాతికేళ్ల ముందే పారిస్ బెల్‌వీల్‌లోని గోమోఁ స్టూడియోలో అదే పని జరిగింది. అలాంటి పాటల చిత్రాలు ఆమె వందకు పైగా తీసింది.

పాట తీస్తున్న ఆ స్టూడియోను చూపించే చిన్న రీలు ఒకటి మిగిలి ఉంది. వేషాలు కట్టిన నటులు ఒకవైపు, కెమెరాల దగ్గర మగవాళ్లు ఒకవైపు. వాళ్లందరి మధ్య పొడుగు స్కర్టు కట్టుకున్న ఆలిస్, పెద్ద గొట్టాల ఫోనోగ్రాఫు పక్కన. ఆవిడ నడకలో తొందర లేదు. ఎవరికి ఎక్కడ నిలబడాలో చెప్పి, యంత్రం సంగతి చూసుకుని, పక్కకు తప్పుకుంటుంది. సెట్‌లో అజమాయిషీ ఎవరిదో నిలబడే తీరు చూస్తేనే తెలిసిపోతుంది. ఈ రీలులో దాని గురించి అనుమానమే అక్కర్లేదు.

1905లో పారిస్‌లోని బ్యూత్ షోమోఁ పార్కు పక్కన గోమోఁ పెద్ద అద్దాల స్టూడియో కట్టించాడు. ఆ ప్రాంగణానికి 'సితే ఎల్జే' అని పేరు పెట్టారు, అంటే లెయోఁ గోమోఁ పొడి అక్షరాలు. ఆ గోడల మధ్య 1906లో ఆలిస్ తీసిన సినిమాల వరుస చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. క్రీస్తు జీవితం మీద ఇరవై ఐదు దృశ్యాలు, మూడు వందలమంది జూనియర్ ఆర్టిస్టులు, అరగంటకు పైగా నిడివి. సినిమా అంటే ఐదారు నిమిషాలు అనుకునే రోజుల్లో ఇది పెద్ద సాహసం. అదే ఏడాది 'స్త్రీవాద ఫలితాలు' అన్న హాస్యచిత్రం. అందులో మగవాళ్లు టోపీలు కుడతారు, ఇస్త్రీ చేస్తారు, పిల్లల్ని ఆడిస్తారు, వీధిలో నడవాలంటే భయపడతారు. ఆడవాళ్లు కేఫేలో కూర్చుని తాగుతారు, పొగ వదులుతారు, దారిన పోయే మగవాణ్ని ఏడిపిస్తారు. చివరికి మగవాళ్లు తిరగబడి కేఫేను మళ్లీ ఆక్రమిస్తారు. హాల్లో నవ్విన ఆడవాళ్లు దేనికి నవ్వారో, మగవాళ్లు దేనికి నవ్వారో వేరుగా చెప్పక్కర్లేదు.

వీటన్నిటికంటే నాకిష్టమైంది 'అమ్మగారి కోరికలు'. నాలుగు నిమిషాల సినిమా. నిండు చూలాలు ఒకావిడ మొగుడితో షికారుకు బయల్దేరుతుంది. మొగుడు తోపుడు బండిలో పెద్దబిడ్డను తోసుకుంటూ వెనక వస్తుంటాడు. ఆవిడకు దారిలో ఒక పాప చేతిలో మిఠాయి పుల్ల కనిపిస్తుంది, లాక్కుంటుంది. కేఫేలో ఒకాయన గ్లాసు ఎత్తుకుని తాగేస్తుంది. బిచ్చగాడి చేతిలోని చేపనూ, ఇంకొకాయన పైపునూ కూడా వదలదు. ప్రతిసారీ కెమెరా ఆవిడకు దగ్గరగా వస్తుంది. తెరనిండా ఆవిడ ముఖం, ఆ పుల్ల చీకుతున్న తృప్తి. క్లోజప్ అంటే వస్తువును పెద్దగా చూపడం అనుకునే కాలంలో, మనిషికి లోపల ఏమనిపిస్తోందో చూపడానికి దాన్ని వాడారు. మన ఇళ్లలో చూలాలి కోరిక తీర్చకపోతే పాపమంటారు కదా, ఆ మర్యాదను ఆలిస్ అటునుంచి నరుక్కొచ్చింది: కోరిక ఎవరూ తీర్చకపోతే ఆవిడే తీర్చుకుంటుంది.

1907లో ఆలిస్ తోటి ఉద్యోగి హెర్బర్ట్ బ్లాషెను పెళ్లాడింది. క్రోనోఫోన్ అమ్మకానికి కంపెనీ అతన్ని అమెరికా పంపింది, ఆమె ఉద్యోగం వదిలి వెంట వెళ్లింది. తన కుర్చీలోకి లూయీ ఫ్యుయాద్‌ను సిఫారసు చేసింది. అతన్ని కథలు రాయడానికి తీసుకుని పని నేర్పింది కూడా ఆమే. తర్వాత అతను 'ఫాఁతోమాస్' సీరియల్ తీసి పెద్ద దర్శకుడయ్యాడు.

అమెరికాలో క్రోనోఫోన్ నిలబడలేదు, ఆమె నిలబడింది. 1910లో సొలాక్స్ అనే సొంత కంపెనీ పెట్టింది. ఉదయిస్తున్న సూర్యుడు దాని గుర్తు. 1912లో న్యూజెర్సీ రాష్ట్రం ఫోర్ట్ లీలో లక్ష డాలర్లకు పైగా ఖర్చుతో స్టూడియో కట్టించింది. హాలీవుడ్ ఇంకా పేరు తెచ్చుకోని ఆ రోజుల్లో సినిమావాళ్ల ఊరు అంటే ఫోర్ట్ లీయే. అదే ఏడాది రెండో బిడ్డ పుట్టాడు. సహజంగా ఉండండి అని పెద్ద అక్షరాలతో స్టూడియోలో బోర్డు పెట్టించింది. రంగస్థలం నుంచి వచ్చి చేతులు విసిరే నటులకు ఆ బోర్డే మొదటి పాఠం.

ఆ బోర్డుకు అర్థం కావాలంటే 'రాలే ఆకులు' చూడాలి. అక్కకు క్షయ. ఆఖరి ఆకు రాలేలోపు పోతుందని డాక్టరు పెద్దవాళ్లతో చెబుతుంటే చెల్లెలు వింటుంది. రాత్రి అందరూ పడుకున్నాక నైట్‌గౌనుతోనే తోటలోకి వచ్చి, రాలిన ఆకుల్ని ఏరి, దారంతో ఒక్కొక్కటే కొమ్మలకు కడుతుంది. ఏడుపు లేదు, ఆకాశం వైపు చూపులు లేవు. పని ఒక్కటే. ముడి వేసి, లాగి చూసుకుని, ఇంకో ఆకు కోసం వంగుతుంది. ఆ దారిన పోతున్న ఒక డాక్టరు చూసి ఏమిటని అడుగుతాడు, క్షయకు మందు కనిపెట్టిన మనిషి ఆయనే. అంత సులువుగా గట్టెక్కే కథను నేను మామూలుగా ఒప్పుకోను. ఆ పిల్ల వేళ్లు చూశాక ఒప్పుకున్నాను.

1914లో ఒక అమెరికన్ సినిమా పత్రికలో ఆలిస్ వ్యాసం రాసింది. సినిమా తీయడంలో మగవాడు చేసేది ఆడది చేయలేనిదంటూ ఏదీ లేదని అందులో తేల్చి చెప్పింది. అప్పటికే చిన్న కంపెనీలకు కష్టకాలం మొదలైంది. ఒక రీలు సినిమాల రోజులు పోయి, పెద్ద సినిమాలూ వాటికి పెద్ద పెట్టుబడులూ వచ్చాయి. పరిశ్రమ పడమటి తీరానికి తరలిపోయింది. 1918లో భర్త ఆమెను వదిలి హాలీవుడ్ వెళ్లిపోయాడు. స్టూడియో అమ్ముడుపోయింది. ఆమె ఆఖరి సినిమా 1920లో విడుదలైంది. 1922లో ఇద్దరు పిల్లలతో ఫ్రాన్స్ తిరిగొచ్చింది. అక్కడ పని ఇచ్చినవాళ్లు లేరు. పత్రికలకు పిల్లల కథలు రాసుకుంటూ నెట్టుకొచ్చింది.

ఇక్కణ్నుంచి అంతా కాగితాల పోరాటమే. తన పనికి రుజువుగా చూపించుకుందామంటే చేతిలో ఒక్క రీలు లేదు. 1927లో అమెరికా వెళ్లి అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయంలో వెతికింది, దొరకలేదు. 1930లో గోమోఁ తన కంపెనీ చరిత్ర అచ్చువేయిస్తే అందులో 1907కు ముందు తీసిన సినిమాల ఊసే లేదు. ఆమె ఉత్తరం రాసింది. ఆయన మర్యాదగా జవాబిచ్చాడు, సవరిస్తానన్నాడు. 1946లో ఆయన పోయేనాటికి కూడా ఆ సవరణ అచ్చు కాలేదు. చరిత్రకారులు ఆమె సినిమాలను ఫ్యుయాద్‌కో, ఆమె సహాయకుడు జస్సేకో రాసిచ్చారు. వాళ్లంతా దుర్మార్గులని నేననను. కేటలాగులో పేరు లేనప్పుడు, తర్వాత ఎవరి పేరు పెద్దదైతే సినిమా వాళ్ల ఖాతాలో పడింది. అయితే ఆమె బతికే ఉంది. అడిగితే చెప్పేది. అడగకపోవడం మాత్రం తప్పే.

ఆమె కూర్చుని జ్ఞాపకం ఉన్నంతవరకు తన సినిమాల జాబితా రాసింది. జీవితకథ కూడా రాసింది. భానుమతి 'చండీరాణి' విడుదలై తెలుగు తెర మీద దర్శకత్వం అన్నచోట ఆడమనిషి పేరు పడిన 1953లో ఆలిస్‌కు ఎనభై ఏళ్లు. తన పేరు కోసం ఇంకా ఉత్తరాలు రాస్తూనే ఉంది. 1954లో గోమోఁ కొడుకు లూయీ పారిస్‌లో సభ ముఖంగా ఆమెకు అన్యాయం జరిగిందని చెప్పాడు. ఫ్రెంచి ప్రభుత్వం ఆమెకు లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చింది. జీవితకథకు మాత్రం ప్రచురణకర్త దొరకలేదు. 1968 మార్చి 24న న్యూజెర్సీలో ఆమె కన్నుమూసింది. పుస్తకం 1976లో వచ్చింది.

ఆ తర్వాత రీళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆమె తీసినవి వెయ్యి దాకా ఉంటాయని అంచనా, ఇప్పటికి నూటయాభై దాకా దొరికాయి. ఆమె వెతికి దొరకదనుకున్న ఆ గ్రంథాలయంలోనే ఈ రోజు కొన్ని ఉన్నాయి. 2009లో గోమోఁ పాత చిత్రాలు మూడు డిస్కులుగా వచ్చాయి. ఒకటి ఫ్యుయాద్‌ది, ఒకటి గోమోఁలోనే పనిచేసిన మరో దర్శకుడు లెయోన్స్ పెరేది, ఒకటి ఆలిస్ గీది. 'అమ్మగారి కోరికలు' అందులోనే ఉంది. కొత్తగా చూసేవాళ్లకు నేను ముందు అదే వేసి చూపిస్తాను, ఆ తర్వాత క్రీస్తు సినిమా.