సంవత్సరం కింద నక్షత్రం

కిరాణా కొట్టులో చిల్లరగా వచ్చిన రూపాయి బిళ్ళను కాస్త వెలుతురులో తిప్పి, సంవత్సరం కింద చూడండి. అయిదు కోణాల బుల్లి నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో పుట్టింది. వజ్రం గుర్తు ముంబైది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. నాణెం బరువు తగ్గినా, లోహం పాళ్లు తప్పినా ఎవరు జవాబు చెప్పాలో ఆ గుర్తే చెబుతుంది.

హైదరాబాద్ టంకశాల కథ 1803లో, నిజాం సికందర్ జా కాలంలో సుల్తాన్ షాహీ ప్రాంతంలో మొదలైంది. 1903లో సైఫాబాద్‌కు మారి యంత్రాల బాట పట్టింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997 నుంచి చర్లపల్లిలో ఉంది. నిజాం రూపాయి మీద చార్మినార్ ఉండేది. భూతద్దం పెట్టి ఆ కట్టడం ద్వారంలోకి చూస్తే అక్కడొక ఉర్దూ అక్షరం కనబడుతుంది. మహబూబ్ అలీ ఖాన్ హయాంలో అది ‘మీమ్’. 1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక ‘ఐన్’ అయింది. తొలి నాణేల మీద ఆ ఐన్ పొట్టిగా ఉంటుంది, తర్వాతి వాటిలో పూర్తి రూపం దాల్చింది. రాజు మారిన సంగతిని అంత చిన్న ద్వారంలో చెక్కిన పనివాళ్ల నైపుణ్యానికి చేతులెత్తి మొక్కాలి.

నక్షత్రం మాత్రం వెంటనే రాలేదు. కేంద్రం చేతికి వచ్చిన తొలినాళ్లలో ఇక్కడ చీలిన వజ్రం, ఆ తర్వాత మధ్యలో చుక్క ఉన్న వజ్రం వేసేవారు.

పాత డబ్బాలో 1985 నాటి రూపాయి దొరికి, దాని మీద ఇంగ్లీషు ‘హెచ్’ ఉందనుకోండి. హైదరాబాద్ అని మురిసిపోకండి, అది ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ మింట్‌ది. హీటన్ కుటుంబం నడిపిన సంస్థ కాబట్టి ఆ అక్షరం. అదే ఏడాది రూపాయి మీద వజ్రం మధ్యలో కాక మొదటి అంకె కింద ఉంటే, అది వేల్స్‌లోని లాంట్రిసాంట్ టంకశాల నుంచి వచ్చింది. దేశంలో చిల్లర కరువైనప్పుడు బయట ముద్ర వేయించి తెప్పించుకున్నారు.

గుర్తు అర్థం కాకపోతే అనుమానం పుడుతుంది. 2006 ప్రాంతంలో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ మీద అడ్డగీత, నిలువుగీత, నాలుగు చుక్కలు చూసి శిలువ అని గొడవ చేశారు. అది భిన్నత్వంలో ఏకత్వానికి గుర్తు. పది రూపాయల బిళ్ళది ఇంకా పెద్ద బాధ. కొన్నింటి మీద పది గీతలు, కొన్నింటి మీద పదిహేను, కొన్నింటి మీద రూపాయి చిహ్నమే లేదు. దాంతో దొంగ నాణెమన్న పుకారు పాకింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలా కొట్లలో, బస్సుల్లో తీసుకోవడం మానేశారు. 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకు తేల్చి చెప్పింది: అప్పటిదాకా వచ్చిన 14 నమూనాలూ చెల్లుతాయి.