ఓనమాల నుంచి ఫోనిక్స్ దాకా

అమెరికాలో పిల్లల్ని కిండర్‌గార్టెన్‌లో చేర్చిన తెలుగువాళ్ళకి బాగా పరిచయమైన మాట ఫోనిక్స్. ఏ అక్షరం ఏ ధ్వనికి గుర్తో వరసగా నేర్పి, ఆ ధ్వనుల్ని కలిపి మాట చదివించే పద్ధతి ఇది. అక్షరాలు నేర్పడమంటే అదేగా, ఇందులో కొత్తేముంది అని మనకి అనిపిస్తుంది. కాని ఈ చిన్న విషయం మీద ఈ దేశంలో దాదాపు 180 ఏళ్ళుగా వాదం నడుస్తోంది. మన పిల్లలకి తెలుగు నేర్పే విషయంలోనూ ఆ చరిత్ర పనికొస్తుంది.

గొడవకి మూలం ఇంగ్లీషు లిపిలోనే ఉంది. 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనుల్ని రాయాలి. పైగా అక్షరం పేరు వేరు, దాని ధ్వని వేరు. ‘సీ, ఏ, టీ’ అని ఎంత వేగంగా పలికినా ‘క్యాట్’ రాదు. అందుకే పాతకాలపు పంతుళ్ళు అక్షరాల జంటల్ని వల్లె వేయించేవారు. నోవా వెబ్‌స్టర్ 1783లో అచ్చువేసిన స్పెల్లింగు పుస్తకంలో ‘బే, బీ, బై, బో’ వంటి పట్టికలుంటాయి. చూస్తే మన గుణింతమే గుర్తొస్తుంది.

ఈ వల్లెవేత హోరస్ మాన్‌కి నచ్చలేదు. మసాచుసెట్స్ విద్యామండలి కార్యదర్శిగా ఉన్న ఆయన, విడి అక్షరాలను నెత్తురులేని దయ్యాలతో పోల్చి, పిల్లలకి ముందు మొత్తం మాటలే చూపాలన్నారు. 1844లో బాస్టన్‌కి చెందిన 31 మంది ఉపాధ్యాయులు ఆయన్ని ఖండిస్తూ ఏకంగా పుస్తకమే వేశారు. అయినా పోనుపోను మాన్ పక్షమే నెగ్గింది. 1930లో మొదలైన ‘డిక్ అండ్ జేన్’ వాచకాల్లో పిల్లలు ప్రధానంగా కొన్ని మాటల్నే పదేపదే చూసి ఆకారాన్ని గుర్తుపెట్టుకోవాలి.

1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ ‘వై జానీ కాంట్ రీడ్’ అనే పుస్తకంలో ఈ పద్ధతిని దుయ్యబట్టారు. 1967లో హార్వర్డ్ ఆచార్యురాలు జీన్ చాల్ అంతవరకు జరిగిన పరిశోధనలు పరిశీలించి, అక్షరానికీ ధ్వనికీ ఉన్న సంబంధం మొదట్లోనే నేర్పడం మేలన్నారు. 2000లో నేషనల్ రీడింగ్ ప్యానెల్ కూడా ఫోనిక్స్‌ని సమర్థించింది. అయితే అక్కడితో ఆగలేదు. ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం కూడా కావాలంది.

తెలుగులో ఈ తగాదాకి చోటు తక్కువ. ‘క’ పేరూ ‘క’, పలుకూ ‘క’. గుడి ఇస్తే ‘కి’, కొమ్ము ఇస్తే ‘కు’. ప్రోగ్రామర్ల భాషలో గుణింతం ఒక ఫంక్షన్. ఏ హల్లు ఇచ్చినా అదే సూత్రం పనిచేస్తుంది.

మరి మన వీధిబడుల్లో ఓనమాలు ఎలా నేర్పేవారు? దీనికి 1823 నాటి సాక్ష్యం ఒకటి ఉంది. అంతకు ముందు ఏడు మద్రాసు గవర్నరు థామస్ మన్రో బడుల వివరాలు పంపమని కలెక్టర్లని ఆదేశించారు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ వివరంగా జవాబు రాశారు. 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన మనిషి ఆయన. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోదే. జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువి.

అయిదో ఏట బడిలో చేరిన పిల్లలు యూరపులోలాగా అక్షరమాల వల్లించకుండా, ఇసుకలో వేలితో రాస్తూ అక్షరాలు నేర్చుకునేవారని కాంబెల్ రాశారు. చెయ్యి తిరిగాక అన్నం, బొగ్గుపొడి కలిపి పూసిన చెక్కపలక మీద రాసేవారు. అక్షరాల తర్వాత గుణింతాలు, ఆపైన మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు. ఇసుకలో రాయించడాన్ని మద్రాసులో చూసిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో పుస్తకం వేయడంతో ఆ పద్ధతి ఇంగ్లండు బడులకీ చేరింది.

ఇంత మెచ్చుకున్న కాంబెల్ ఒక లోపం కూడా చూపించారు. పాఠ్యగ్రంథాలన్నీ వాడుక భాషకి దూరమైన కావ్యభాషలో ఉన్నాయి. పిల్లలు పద్యాలు పొల్లుపోకుండా అప్పజెబుతారు గాని, అర్థం విషయంలో వాళ్ళకీ చిలకలకీ తేడా లేదన్నారు.

ఆ మాట మనకి ఇప్పుడు మరీ గట్టిగా తగులుతుంది. బళ్ళారి పిల్లవాడికి కావ్యభాష పరాయిదైనా ఇంట్లో, వీధిలో తెలుగు ఉండేది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి వాడుక తెలుగే కరువు. వారాంతపు తెలుగు బడిలో గుణింతాలు పట్టుబడగానే ఏ పేజీ ఇచ్చినా గడగడా చదివేస్తారు. మనం మురిసిపోయి చప్పట్లు కొడతాం. చదివినదానికి అర్థం అడిగితే దిక్కులు చూస్తారు. ఇంగ్లీషు చదవలేని పిల్లవాడి కష్టం వెంటనే బయటపడుతుంది. అర్థం కాకుండా తెలుగు చదివే పిల్లవాడి కష్టం చప్పట్లలో కలిసిపోతుంది. మన లిపి సులువే మనల్ని ఏమరుస్తోంది.

దీనికి మందు ఆ బళ్ళారి బడిలోనే ఉంది. గుణింతం కాగానే పద్యాల మీదికి ఉరకకుండా, పిల్లలు ఎరిగిన పేర్లే ముందు రాయిద్దాం. అమ్మమ్మ పేరు, ఇంటిపేరు, తాతగారి ఊరు, రోజూ కంచంలోకి వచ్చే పప్పు, పెరుగు. రాయించే ముందు ఆ మాటలు వాళ్ళ చెవిన పడాలి. అందుకు వారానికి రెండు గంటల బడి చాలదు, ఇంట్లో మనం తెలుగు మాట్లాడాలి.