ఫార్మాట్ కొట్టిన రోజులు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ని అందరం సీటీసీ అంటాం. తొంభైల చివర్లో అక్కడ ఒక చిన్న కొట్లో అసెంబ్లింగ్ పని చేసేవాణ్ణి. మదర్‌బోర్డు బిగించి, ర్యామ్ గుచ్చి, హార్డ్‌డిస్క్ జంపర్ మాస్టర్‌కి పెట్టడం పెద్ద పనేం కాదు. ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేయడంతోనే అసలు పని మొదలయ్యేది.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. దాని ఫ్లాపీ సెట్టులో 13 డిస్కులు. 1.44 ఎంబీ పట్టే ఫ్లాపీలో మైక్రోసాఫ్ట్ 1.68 ఎంబీ కుక్కింది కాబట్టి మామూలు డిస్క్‌కాపీతో నకలు తీయడం కుదిరేది కాదు. పన్నెండో ఫ్లాపీలో ఒక్క సెక్టారు చెడినా పని అక్కడే ఆగేది. సీడీ ఉన్నవాళ్ళకీ సుఖం లేదు. అప్పటి కంప్యూటర్లు చాలావరకు సీడీ నుంచి నేరుగా బూట్ అయ్యేవి కావు. ముందు ఫ్లాపీతో డాస్‌లోకి వెళ్ళి, సీడీ డ్రైవ్‌కి డ్రైవర్ ఎక్కించాలి. ఆ డ్రైవర్ ఒక్కో కంపెనీకి ఒక్కోటి. విండోస్ 98 స్టార్టప్ ఫ్లాపీలో చాలా డ్రైవ్‌లకు పనికొచ్చే డ్రైవర్లు కలిపి ఇచ్చారు. ఆ ఒక్క ఫ్లాపీ మాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఇంజినీరింగ్ కుర్రాళ్ళు పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ అనే ఉచిత ఓఎస్ సీడీ పట్టుకొచ్చేవారు. "అన్నా, ఇది కూడా వెయ్యి. విండోస్ మాత్రం పోవద్దు" అనేవారు. ఆ మాటలోనే చిక్కంతా ఉంది. కంప్యూటర్ లేవగానే చదివేది డిస్కులోని మొట్టమొదటి సెక్టారు. దాని మొత్తం 512 బైట్లు, అందులో బూట్ ప్రోగ్రాముకి దక్కేది 446. ఎవరు చివర్లో ఎక్కితే ఆ చోటు వాళ్ళది. విండోస్ తర్వాత ఎక్కితే లినక్స్‌కి దారి మూసుకుపోయినట్టే. అందుకే విండోస్ ముందు, లినక్స్ తర్వాత. పాత బయోస్ 1024 సిలిండర్లు దాటి చదవలేదు గనక లినక్స్ కెర్నల్‌కి డిస్కు మొదట్లోనే చిన్న పార్టిషన్ కేటాయించేవాళ్ళం. డిస్కు లెక్కని బయోస్ ఒకలా, లిలో బూట్‌లోడర్ ఇంకోలా వేసుకుంటే తెర మీద 'ఎల్ఐ' అని రెండక్షరాలు పడి అలాగే నిలిచిపోయేది.

లినక్స్ లేచాక కూడా తెర మీద బొమ్మ రావాలంటే మానిటర్ ఎంత ఫ్రీక్వెన్సీ తట్టుకుంటుందో దాని పుస్తకంలో చూసి మనమే రాయాలి. తప్పు రాస్తే కొన్ని మానిటర్లు పాడయ్యే ప్రమాదం ఉండేది. ఇక మోడెమ్‌లు. ధర తగ్గించడానికి సగం పనిని విండోస్ సాఫ్ట్‌వేర్‌కి వదిలేసిన విన్‌మోడెమ్‌లే బజారంతా. వాటి లోపలి వివరాలు తయారీదారులు బయటపెట్టకపోతే లినక్స్‌కి డ్రైవర్ రాసేదెవరు? లినక్స్ కష్టమని జనం అన్నారు. ఆ కష్టంలో పెద్ద వాటా వివరాలు దాచుకున్న కంపెనీలదేనని నేను ఇప్పటికీ గట్టిగా చెబుతాను. విండోస్‌కీ ఆ తిప్పలు తప్పలేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీకి చాలా సాటా డిస్కులు కనిపించేవి కావు. ఇన్‌స్టాల్ మొదలవగానే ఎఫ్6 నొక్కి డ్రైవర్ ఫ్లాపీ పెట్టాల్సిందే, కొత్త కంప్యూటర్లలో ఫ్లాపీ డ్రైవే మాయమవుతున్న కాలంలో!

డిస్కుని ముట్టుకోకుండా సీడీ నుంచే నడిచే నాపిక్స్ అనే లినక్స్ 2000లో వచ్చింది. సౌండ్‌కార్డునీ నెట్‌వర్క్ కార్డునీ అదే గుర్తుపట్టడం చూసి నాకు నోట మాట రాలేదు. 2004లో మొదలైన ఉబుంటు అనే మరో లినక్స్, ఆ తర్వాత కొన్నేళ్ళు సీడీలను పోస్టులో ఉచితంగా ఇంటికే పంపింది. జీతం లేకుండా డ్రైవర్లు రాసిన వేలమంది శ్రమ ఈ సుఖం వెనక ఉంది.

విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదనో, ప్రాసెసర్ పాతదనో ఎన్నో మంచి కంప్యూటర్లను విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ముందు మీ ఫైళ్ళు, ఫొటోలు బయటి డిస్కులోకి తీసుకోండి. పెన్‌డ్రైవ్ మీద లినక్స్ పెట్టి, దాన్నుంచే నడిపి వైఫై, సౌండు పనిచేస్తున్నాయో లేదో చూడండి. అన్నీ పనిచేస్తే అప్పుడు నిశ్చింతగా వేసుకోండి.