తల్లులు రాయించిన చట్టాలు

ఆటిజం గురించి ఇప్పుడు తెలుగులో కూడా చాలానే రాస్తున్నారు. లక్షణాలేమిటి, ఎప్పుడు డాక్టరుకి చూపించాలి, ఏ థెరపీ మంచిది, ఇవన్నీ వెతికితే దొరుకుతాయి. ఆ థెరపీకి డబ్బు ఎవరు కట్టాలి అన్న మాట దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ మొహమాటం. నిజానికి పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలు ముందు మాట్లాడుకునేది దాని గురించే. మేం టెక్సస్‌లో ఉంటాం. మా రెండోవాడికి ఆటిజం. వాడి కోసం ఇన్సూరెన్సు కాయితాలు చదవడం మొదలుపెట్టాక, అసలీ రూల్సు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని వెనక్కి తవ్వుకుంటూ వెళ్ళాను. దాదాపు ప్రతి మలుపులోనూ ఒక అమ్మ కనిపించింది.

కథ 1943లో మొదలవుతుంది. బాల్టిమోర్‌లో లియో కానర్ అనే పిల్లల సైకియాట్రిస్టు 11 మంది పిల్లల్ని గమనించి ఆటిజం మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. ఇది పుట్టుకతో వచ్చేదే అని అందులో చెప్పాడు. అదే వ్యాసంలో, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ప్రేమగా దగ్గరికి తీసుకునేవాళ్ళు తక్కువ అని కూడా రాశాడు. లోకానికి మొదటి మాట కంటే రెండోదే బాగా పట్టింది. తల్లి మనసు ఫ్రిజ్‌లా చల్లగా ఉంటే బిడ్డ ఇలా అవుతాడని ఒక సిద్ధాంతం తయారైంది. 1967లో చికాగోలోని బ్రూనో బెటెల్‌హైమ్ దాని మీద ఏకంగా పుస్తకమే రాశాడు, అది బాగా పేరు తెచ్చుకుంది కూడా. తల్లిదే తప్పు అనుకున్నాక వైద్యం ఎవరికి చేస్తారు చెప్పండి? తల్లికి కౌన్సెలింగ్, బిడ్డని తల్లికి దూరంగా సంస్థలో పెట్టడం. ఇదీ ఆనాటి మందు.

మనకిది కొత్తేం కాదు. "ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టావు", "కడుపుతో ఉన్నప్పుడు టెన్షన్ పడ్డావు", "నలుగురిలో తిప్పకపోతే మాటలెలా వస్తాయి" అని మన ఇళ్ళల్లో ఈరోజుకీ అంటున్నారు. అమెరికాలో పెద్ద పెద్ద డాక్టర్లు పుస్తకాల్లో రాసిందీ, మన పెళ్ళిళ్ళలో పెద్దమ్మలు చెవిలో చెప్పేదీ ఒకటే.

ఈ సిద్ధాంతాన్ని దెబ్బకొట్టినవాడు ఒక నాన్న. బెర్నార్డ్ రిమ్లాండ్ అమెరికన్ నేవీలో పనిచేసే సైకాలజిస్టు, ఆయన కొడుక్కి ఆటిజం. ఇది మెదడుకి, శరీరానికి సంబంధించిన విషయమే తప్ప తల్లి ప్రేమకి సంబంధించింది కాదని 1964లో పుస్తకం రాశాడు. మరుసటేడు తల్లిదండ్రులంతా కలిసి దేశం మొత్తానికి ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి ఎన్నికైన మొదటి అధ్యక్షురాలు రూత్ సలివన్. ఆవిడ నర్సు, ఏడుగురు పిల్లల తల్లి. అందులో జోసెఫ్‌కి ఆటిజం. "రెయిన్ మ్యాన్" సినిమాలో పాత్రకి స్ఫూర్తినిచ్చినవాళ్ళలో ఆ అబ్బాయి కూడా ఒకడు. ఏడుగురు పిల్లలున్న ఇల్లు నడుపుతూనే ఆవిడ చట్టసభల చుట్టూ తిరిగింది.

అప్పటికి పెద్ద అడ్డంకి ఇన్సూరెన్సు కాదు, బడి. ఇలాంటి పిల్లల్ని మేం చేర్చుకోం అని బడులు గేటు దగ్గరే తిప్పి పంపేవి. పది లక్షల మందికి పైగా వికలాంగ పిల్లలు బడికి పూర్తిగా దూరంగా ఉన్నారని అమెరికన్ కాంగ్రెస్సే లెక్క చెప్పింది. రూత్ సలివన్ లాంటివాళ్ళ ఒత్తిడి వల్ల 1975లో చట్టం వచ్చింది. వైకల్యం ఏదైనా సరే, ప్రతి పిల్లవాడికీ ప్రభుత్వ బడి ఉచితంగా చదువు చెప్పాలి. 1990లో ఆ చట్టంలో ఆటిజం అన్న పేరు విడిగా చేర్చారు.

చాలా గొప్ప చట్టం. కానీ ఇన్సూరెన్సు కంపెనీలకి ఇదే ఒక సాకు అయింది. "ఇది చదువుకి సంబంధించింది, బడివాళ్ళు చూసుకోవాలి" అని వాళ్ళు చేతులు దులుపుకున్నారు. బడికి వెళితే, "మేం చదువే చెప్తాం, వైద్యం మా పని కాదు" అన్నారు. అందరికంటే మంచి చదువు ఇవ్వాల్సిన పని లేదు, పిల్లవాడికి ఉపయోగపడేంత ఇస్తే చాలని 1982లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వైద్యమా, చదువా అన్న ఈ ఒక్క ప్రశ్న మీద పాతికేళ్ళపాటు పిల్లలు ఇద్దరి మధ్యా బంతిలా తిరిగారు.

1987లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీ నుంచి ఐవర్ లోవాస్ ఒక పరిశోధన ప్రచురించాడు. చిన్న పిల్లలకి వారానికి 40 గంటలు, రెండేళ్ళకి పైగా ఏబీఏ థెరపీ ఇస్తే 19 మందిలో 9 మంది మామూలు ఒకటో తరగతి పూర్తి చేశారన్నది దాని సారాంశం. చాలా చిన్న పరిశోధన, దాని మీద వాదనలు ఇంకా ఉన్నాయి. కానీ అంతవరకూ "ఏమీ చెయ్యలేం" అని విన్న తల్లులకి అదొక ఆశ. ఇబ్బంది అంతా ఆ 40 గంటల్లోనే ఉంది. ఒక మనిషి ఒక పిల్లవాడితో వారమంతా కూర్చోవాలంటే ఏ మధ్యతరగతి జీతం సరిపోతుంది?

ఇన్సూరెన్సువాళ్ళు కాదనడానికి మూడు మాటలు వాడేవారు. ఒకటి ఇందాక చెప్పిన "ఇది చదువు". రెండోది "ఇంకా ప్రయోగదశలో ఉంది". మూడోది వింటే ఒళ్ళు మండుతుంది. వైద్యం అంటే పోయినదాన్ని తిరిగి తెప్పించడం అట. పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దాయనకి స్పీచ్ థెరపీ ఇస్తే డబ్బు కడతారు. అసలింకా మాటే రాని మూడేళ్ళ బిడ్డకి అదే స్పీచ్ థెరపీ ఇస్తే కట్టరు. పోవడానికి ముందు ఉండాలి కదా అన్నమాట!

అమెరికాలో ఇన్సూరెన్సు రూల్సు పెట్టేది ఎక్కువగా రాష్ట్రాలు. అందుకే పోరాటం కూడా ఒక్కో రాష్ట్రంలో విడివిడిగా జరిగింది. 2001లో ఇండియానా ముందడుగు వేసింది. వయసు పరిమితి, డబ్బు పరిమితి లేకుండా ఆటిజం చికిత్సకి కట్టాలని చట్టం చేసింది. తర్వాత చాలా ఏళ్ళు పెద్దగా కదలిక లేదు. కదిలించింది సౌత్ కరోలినాలో లోరీ ఉనంబ్. ఆవిడ లాయరు, లా కాలేజీలో పాఠాలు చెప్పేది. కొడుకు రయన్‌కి ఆటిజం. తెలిసిన విద్యే కదా అని బిల్లు తనే రాసింది. తనలాంటి తల్లిదండ్రుల్ని పోగుచేసి, రెండేళ్ళు చట్టసభ చుట్టూ తిరిగింది. 2007 జూన్‌లో బిల్లు పాసయింది. గవర్నర్ మార్క్ శాన్‌ఫర్డ్ దాన్ని వీటో చేశాడు. సభలు ఆ వీటోని తోసేసి చట్టం చేశాయి. దాని పేరు రయన్స్ లా. బిహేవియర్ థెరపీకి ఏడాదికి 50,000 డాలర్ల దాకా. తర్వాత ఆవిడ ఊరుకోకుండా రాష్ట్రం తర్వాత రాష్ట్రం తిరిగి ఇదే పని చేసింది. 2019 నాటికి మొత్తం 50 రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో ఈ నియమం ఉంది.

మా టెక్సస్‌లో కూడా 2007లోనే చట్టం వచ్చింది. కానీ ఆరేళ్ళలోపు పిల్లలకి మాత్రమే. 2009లో దాన్ని పదేళ్ళలోపుకి పెంచారు. 2013లో, పదేళ్ళలోపు ఆటిజం అని తేలితే ఆ తర్వాత కూడా కట్టాలన్నారు. పదేళ్ళు దాటాక ఏబీఏకి ఏడాదికి 36,000 డాలర్లే అని ఒక గీత కూడా గీశారు. ఆటిజానికి పుట్టినరోజులు తెలియవు, కానీ చట్టానికి తెలుసు!

మావాడికి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు, 2012లో, డాక్టరు వారానికి 25 గంటల థెరపీ రాసిచ్చారు. చట్టం ఉందిగా అన్న ధైర్యంతో కాయితాలు పంపాం. "మీ ప్లానులో ఈ చికిత్స లేదు" అని ఒక్క పేజీ ఉత్తరం వచ్చింది. మా అపార్టుమెంట్లోనే ఇంకో తెలుగువాళ్ళ బాబుకి అదే థెరపిస్టు దగ్గర, అదే థెరపీకి ఇన్సూరెన్సు కడుతోంది. వాళ్ళాయనది ఓ మాదిరి కంపెనీ, మా ఆయనది చాలా పెద్దది. మరి మాకెందుకు లేదు?

జవాబు 1974 నాటి ఎరీసా అనే చట్టంలో ఉంది. అది ప్రధానంగా ఉద్యోగుల పెన్షన్లు కాపాడటానికి వచ్చింది. దాని ప్రకారం, ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర పాలసీ కొనకుండా ఉద్యోగుల వైద్యం ఖర్చు తన సొంత డబ్బుతోనే భరించే కంపెనీకి రాష్ట్రాల ఇన్సూరెన్సు నియమాలు వర్తించవు. కార్డు మీద ఇన్సూరెన్సు కంపెనీ బొమ్మే ఉంటుంది, కానీ వాళ్ళు లెక్కలు రాసే గుమాస్తాలు మాత్రమే. దీన్నే సెల్ఫ్ ఫండెడ్ అంటారు. పెద్ద కంపెనీలు ఎక్కువగా ఇలాంటివే. ఆఫీసు ద్వారా ఇన్సూరెన్సు ఉన్నవాళ్ళలో సగానికి పైగా ఈ లెక్కలోకే వస్తారు. అంటే తల్లులు అంత కష్టపడి తెచ్చిన రాష్ట్ర చట్టం మా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

కొన్ని కంపెనీలు ఎవరూ బలవంతపెట్టకుండానే ఇచ్చాయి. మనవాళ్ళు చాలామంది పనిచేసే మైక్రోసాఫ్ట్ 2001లోనే మొదలుపెట్టింది. మా ఆయన కంపెనీలో పిల్లలకి ఆటిజం ఉన్న ఉద్యోగులు కలిసి హెచ్ఆర్‌కి ఉత్తరాలు రాస్తూ పోతే, మూడేళ్ళకి ప్లానులో చేర్చారు. ఆ మూడేళ్ళూ ఇల్లు కొందామని దాచుకున్న డబ్బుతో 25 గంటలకి బదులు 8 గంటలు చేయించాం. డబ్బు మళ్ళీ కూడింది. వాడి నాలుగు, ఐదు, ఆరు ఏళ్ళు మాత్రం మళ్ళీ రావు.

ఈలోపు దేశం మొత్తానికి వర్తించే చట్టాలూ వచ్చాయి. మానసిక వైద్యం మీద, శరీర వైద్యం మీద లేని అడ్డంకులు పెట్టకూడదని 2008 చట్టం చెప్పింది. 50 మంది కంటే ఎక్కువ ఉద్యోగులున్న సెల్ఫ్ ఫండెడ్ ప్లాన్లకీ ఇది వర్తిస్తుంది. 2010లో వచ్చిన ఒబామా కేర్, ముందునుంచే జబ్బు ఉందని పాలసీ నిరాకరించడాన్ని ఆపింది. విడిగా కొనుక్కునే పాలసీల్లో, చిన్న కంపెనీల పాలసీల్లో లేని సామర్థ్యాన్ని నేర్పే థెరపీలని కూడా చేర్చమంది. ఇందాకటి మూడో సాకుకి అది జవాబు. పేదవాళ్ళకిచ్చే మెడికెయిడ్‌లో 21 ఏళ్ళలోపు పిల్లలకి అవసరమైన ఆటిజం చికిత్స ఇవ్వాలని 2014లో కేంద్రం రాష్ట్రాలకి స్పష్టం చేసింది. మా టెక్సస్ మెడికెయిడ్ ఏబీఏకి కట్టడం 2022లో కానీ మొదలవలేదు.

ఇంకో గొంతు కూడా వినాలి. ఆటిజంతో పెరిగి పెద్దయినవాళ్ళు చాలామంది, "మమ్మల్ని మామూలుగా కనిపించేలా తయారుచేయడమే వైద్యమా?" అని అడుగుతున్నారు. ఏబీఏ తొలినాళ్ళలో పిల్లల్ని కొట్టి, భయపెట్టి నేర్పిన మాట నిజం. చట్టాలన్నీ ఏబీఏ చుట్టూ అల్లుకోవడంతో మిగతా థెరపీలు వెనకబడ్డాయన్నదీ నిజమే. నేను మావాడికి థెరపిస్టుని ఎంచుకునేటప్పుడు, వాడు ఏడిస్తే ఏం చేస్తారని మొదట అడుగుతాను.

ఇండియాలో ఉన్న చెల్లెళ్ళు, వదినలు మా సంగతేమిటని అడుగుతారని తెలుసు. అక్కడ 1995 వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాల పేర్లున్నాయి, ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో చేరింది. ఆ ట్రస్టు 2008లో మొదలుపెట్టిన నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు వస్తుంది. అందులో థెరపీలకీ కొంత భాగం ఉంది, ముందుగా ఏ వైద్య పరీక్షలూ అడగరు. 2016 చట్టంలో 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఇన్సూరెన్సు విషయంలో మానసిక జబ్బుల్ని శరీర జబ్బులతో సమానంగా చూడమంది. అయినా మామూలు పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. వారానికి మూడుసార్లు వెళ్ళొచ్చే స్పీచ్ థెరపీకి వాటివల్ల లాభం తక్కువ. అందుకే సదరం సర్టిఫికెట్ తీసుకోవడానికి "ముద్ర పడిపోతుంది" అని వెనకాడకండి. నిరామయకి వైకల్య ధ్రువపత్రం ఉండాల్సిందే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్రప్రభుత్వ సంస్థ ఉంది, అక్కడ అడిగితే దారి చెప్తారు.

ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్ళు ముందు హెచ్ఆర్‌ని ఒక్క ప్రశ్న అడగండి. మన ప్లాను సెల్ఫ్ ఫండెడా, ఫుల్లీ ఇన్ష్యూర్డా? ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో దాన్నిబట్టే ఉంటుంది. కొన్న పాలసీ అయితే రాష్ట్ర ఇన్సూరెన్సు శాఖకి, సెల్ఫ్ ఫండెడ్ అయితే కేంద్ర కార్మిక శాఖకి. కాదన్న ఉత్తరంలో కారణం రాసి ఉండాలి, అది చట్టం. ఆ రోజు నుంచి 180 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కాదంటే, వైద్యం అవసరమా కాదా అన్న తగవుని బయటి వైద్యులతో చూపించమని అడిగే హక్కు ఉంది. ఫోన్లో మాట్లాడిన ప్రతిసారీ తేదీ, పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పాలలెక్క, చాకలిలెక్క రాసిన చేతులు మనవి, ఇదేమంత కష్టం కాదు.

మొదటిసారి కాదు అన్న ఉత్తరాన్ని చివరి మాట అనుకుని ఉంటే రూత్ సలివన్ పిల్లవాడికి బడి దొరికేది కాదు, సౌత్ కరోలినాలో వీటో అలాగే ఉండిపోయేది. బిడ్డకి ఆటిజం తెచ్చిందే తల్లి అని పుస్తకాల్లో రాశారు. వాళ్ళు ఆ పుస్తకాలకి జవాబు చెప్పుకుంటూ కూర్చోలేదు, చట్టాలు రాయించారు.