మెలిపడిన నాడి: సముద్రపు నత్త నుండి రాయలసీమ నత్త వరకు

కర్నూలు, కడప జిల్లాలకు సముద్రతీరం లేదు. అయినా అక్కడి కళాశాలల్లో జంతుశాస్త్రం చదివినవారు సముద్రపు నత్తల నిర్మాణాన్ని పరోక్షంగా నేర్చుకొన్నారు. ప్రయోగశాల బల్లమీదికి వచ్చింది చెరువుల్లో, వరిమళ్ళలో బతికే 'పైలా'. దాని నాడీవ్యవస్థలో సముద్రపు పూర్వికుల ముద్ర చెరగలేదు.

నత్త డింభక దశలో ఉండగా దాని అంతరాంగ సముదాయం, తల, పాదం కదలకుండానే, 180 డిగ్రీలు తిరుగుతుంది. వెనుక ఉండవలసిన మొప్పలు, పాయువు తల పైకి చేరుతాయి. ఇరువైపుల నుండి లోపలి అవయవాలకు పోయే నాడులు ఒకదానినొకటి దాటి 8 అంకె ఆకారంలో మెలిపడతాయి. జర్మన్ శాస్త్రవేత్త స్పెంగెల్ 1881లో ఈ మెలికనే వర్గీకరణకు ఆధారం చేసుకొని 'స్ట్రెప్టోన్యూరా' అన్న పేరు పెట్టాడు. గుడిలో ఊదే శంఖం, పిల్లలు ఆడే గవ్వ ఈ వర్గంలోనివే. పైలాలో కొన్ని నాడీసంధులు ఒకదానితో ఒకటి కలిసిపోయినా, మెలిక మిగిలే ఉంది. బెయినీ ప్రసాద్ 1925లో ప్రచురించిన శరీర నిర్మాణ అధ్యయనం ఈ నత్తను భారతీయ విద్యార్థులకు సుపరిచితం చేసింది.

అయితే కోతకు దొరికిన నత్త ఒకటి, బతికే నత్త మరొకటి. 1863–1870 మధ్య తవ్విన కర్నూలు–కడప కాలువ కింద కూడా నీరు ఏడాది పొడుగునా నిలిచేది కాదు. మడి ఎండితే పైలా బురదలో దూరి, సున్నపు మూత బిగించుకొని గ్రీష్మ సుప్తావస్థలోకి వెళుతుంది. మొప్పతోపాటు గాలి పీల్చే పుపుసకోశం కూడా దానికి ఉంది.

1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఈ రెండవ నత్తను పట్టించుకొన్నది. అక్కడ జంతుశాస్త్ర ఆచార్యుడిగా పనిచేసిన కె. పంపాపతి రావు అదే ఏడు సముద్రపు ఆల్చిప్పల్లో ఆటుపోట్ల లయను గురించి పరిశోధన ప్రచురించారు. 1960లలో తిరుపతి పరిశోధకులు సుప్తావస్థలోని పైలా శ్వాసక్రియను కొలిచారు. నీటిలో ఉన్నప్పుడు అమ్మోనియాగా బయటికి పంపే వ్యర్థాన్ని ఈ నత్త ఎండకాలంలో యూరిక్ ఆమ్లంగా మార్చి శరీరంలోనే దాచుకొంటుంది. నిర్మాణం సముద్రపుదే, ఈ ఏర్పాటు మాత్రం నీరు కరవైన నేలలో పనికివచ్చేది.