స్లొవేకియా పరిపాలనా విభాగములు మరియు వార్తా మాధ్యమములు

స్లొవేకియా మధ్య ఐరోపాలోని ఒక భూపరివేష్టిత దేశము. 1993 జనవరి 1న చెకొస్లొవేకియా విభజనతో ఇది స్వతంత్ర దేశముగా ఏర్పడినది. రాజధాని బ్రాటిస్లావా. దేశ వైశాల్యము 49,035 చదరపు కిలోమీటర్లు. 2021 జనాభా లెక్కల ప్రకారము జనసంఖ్య 54,49,270.

పరిపాలనా విభాగములు

దేశము 8 ప్రాంతములుగా విభజింపబడినది. వీటిని స్లొవాక్ భాషలో 'క్రాయ్' అందురు. ప్రతి ప్రాంతమునకు దాని ముఖ్య పట్టణము పేరే పెట్టబడినది.

* బ్రాటిస్లావా - వైశాల్యములో అన్నిటికంటె చిన్నది
* త్ర్నవా
* త్రెన్చీన్
* నీత్రా
* జిలీనా
* బాన్‌స్కా బిస్త్రిట్సా - వైశాల్యములో అన్నిటికంటె పెద్దది
* ప్రెషోవ్ - 2021 లెక్కల ప్రకారము జనాభాలో అన్నిటికంటె పెద్దది
* కోషిట్సె

ప్రాంతముల క్రింద 79 జిల్లాలు (ఓక్రెస్) ఉన్నవి. వీటిలో బ్రాటిస్లావా నగరములో 5, కోషిట్సె నగరములో 4 జిల్లాలు కలవు. జిల్లాల క్రింద నగరములు, గ్రామములు కలిపి సుమారు 2,900 స్థానిక సంస్థలు ఉన్నవి.

చరిత్ర

కమ్యూనిస్టు పాలనలో 1960 నుండి స్లొవేకియాలో పశ్చిమ, మధ్య, తూర్పు అను మూడు పెద్ద ప్రాంతములు ఉండేవి. 1990లో ఇవి రద్దయినవి. ప్రస్తుత ప్రాంతములు, జిల్లాలు 1996లో ఏర్పడినవి. దక్షిణ సరిహద్దు వెంట నివసించు హంగేరియన్ భాషీయులు (జనాభాలో సుమారు 8 శాతము) పలు ప్రాంతముల మధ్య చీలిపోయినారని హంగేరియన్ పార్టీలు ఈ విభజనను విమర్శించినవి.

2001లో స్వపరిపాలనా సంస్థల చట్టము వచ్చినప్పుడు 12 ప్రాంతములు ఉండవలెనను ప్రతిపాదన వీగిపోయి, పాత 8 ప్రాంతముల సరిహద్దులే నిలిచినవి. అదే సంవత్సరము డిసెంబరులో జరిగిన తొలి ప్రాంతీయ ఎన్నికలలో మొదటి విడత సుమారు 26 శాతము మంది మాత్రమే ఓటు వేసినారు.

అధికారములు

ప్రాంతీయ మండలిని, అధ్యక్షుని ప్రజలు నేరుగా ఎన్నుకొందురు. మాధ్యమిక పాఠశాలలు, రెండవ మరియు మూడవ తరగతి రహదారులు, ప్రాంతీయ మ్యూజియములు, నాటకశాలలు ప్రాంతీయ సంస్థల బాధ్యత. ప్రాథమిక పాఠశాలలు, చెత్త తొలగింపు స్థానిక సంస్థలు చూచును. జిల్లా కార్యాలయములు మాత్రము కేంద్ర ప్రభుత్వమునకు చెందినవి. ఇవి 2003 చివర రద్దయి, 2013లో పునరుద్ధరింపబడినవి.

వార్తా మాధ్యమములు

రాజ్యాంగము భావప్రకటనా స్వేచ్ఛకు హామీ ఇచ్చి, సెన్సారును నిషేధించుచున్నది.

వార్తాపత్రికలు: 'ప్రావ్దా' 1920లో ప్రారంభమై, కమ్యూనిస్టు పాలనలో పార్టీ అధికార పత్రికగా ఉండినది. 'స్మె' 1993లో మొదలైనది. 2014లో ఒక పెట్టుబడి సంస్థ 'స్మె'లో వాటా కొనుటను వ్యతిరేకించి పలువురు పాత్రికేయులు బయటకు వచ్చి 'దెన్నీక్ ఎన్' అను పత్రికను స్థాపించినారు. 'నోవీ చాస్' సంచలన వార్తల దినపత్రిక. 'ఊయ్ సో' 1948 నుండి వెలువడుచున్న హంగేరియన్ దినపత్రిక. తూర్పు ప్రాంతమునకు 'కోర్జార్' పత్రిక కలదు.

రేడియో, టెలివిజన్: ప్రభుత్వ రంగ రేడియో, టెలివిజన్ సంస్థలు 2011లో విలీనమైనవి. బ్రాటిస్లావాతో పాటు బాన్‌స్కా బిస్త్రిట్సా, కోషిట్సెలలో వీటికి స్టూడియోలు కలవు. ప్రజలు చెల్లించు ప్రసార రుసుము 2023 జులైలో రద్దయి, నిధులు ప్రభుత్వ బడ్జెట్ నుండి వచ్చుట మొదలైనది. 2024 జులై 1న ఈ సంస్థ స్థానములో 'స్లొవాక్ టెలివిజన్ మరియు రేడియో' ఏర్పడినది. దాని మండలిలో 9 మంది సభ్యులు. ఐదుగురిని పార్లమెంటు, నలుగురిని మంత్రులు నియమింతురు. ఇందువలన ప్రసారములపై ప్రభుత్వ పట్టు పెరుగునని వేలాది ప్రజలు నిరసన తెలిపినారు. ప్రైవేటు చానెళ్ళలో మార్కీజా (1996), టీఏ3 (2001), జోజ్ (2002) ముఖ్యమైనవి.

యాన్ కుత్సియాక్ హత్య

'అక్తువలిటి' వార్తా వెబ్‌సైటులో పన్ను ఎగవేతలపై పరిశోధన చేయు 27 ఏళ్ళ పాత్రికేయుడు యాన్ కుత్సియాక్, ఆయనకు కాబోయే భార్య మార్టినా కుష్నీరోవా 2018 ఫిబ్రవరి 21న త్ర్నవా ప్రాంతములోని వెల్కా మాచా గ్రామములో తమ ఇంటిలోనే కాల్చి చంపబడినారు. అప్పటికి ఆయన తూర్పు స్లొవేకియాలో ఇటలీ నేరముఠాల వ్యాపారములపై వ్రాయుచున్న వ్యాసము అసంపూర్తిగా ఉన్నది. పలు దేశముల పత్రికలు దానిని కలిసి ప్రచురించినవి. దేశమంతట జరిగిన భారీ ప్రదర్శనల ఫలితముగా ప్రధానమంత్రి రాబర్ట్ ఫీత్సో మార్చిలో రాజీనామా చేసెను. 2023 అక్టోబరులో తిరిగి ప్రధానమంత్రి అయ్యెను. కాల్చిన వ్యక్తి నేరము అంగీకరించగా 2020లో శిక్ష పడినది. చేయించిన వారెవరను విషయముపై విచారణ మాత్రము ఏళ్ళ తరబడి సాగినది. 2025లో సుప్రీంకోర్టు క్రింది కోర్టు తీర్పును కొట్టివేసి, తిరిగి విచారణకు ఆదేశించెను.