తేలు కుడితే ఒళ్లంతా చెమటలు ఎందుకు? నరాల్లోని ఈ చిన్న ‘గేట్ల’ గురించి తెలుసా..?

వేరుశనగ కట్టె ఎత్తేటప్పుడో, బండల కింద చెయ్యి పెట్టినప్పుడో తేలు కుట్టడం ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో కొత్తేం కాదు. కుట్టేది వేలి మీదే.. కానీ కాసేపటికి ఒళ్లంతా చెమటలు, వాంతులు, గుండె దడ మొదలవ్వొచ్చు. చిన్న పిల్లలకైతే ప్రాణం మీదికే రావొచ్చు. చుక్క విషం ఇంత పని ఎలా చేస్తుంది? జవాబు నరాల్లోని అయాన్ చానెల్స్‌లో ఉంది.

అసలేంటీ గేట్లు?

నరాల కణం చుట్టూ పలుచని పొర ఉంటుంది. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. మామూలుగా కణం లోపల వోల్టేజ్ సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. ఆ పొరలో ప్రొటీన్‌తో తయారైన సన్నని దారులే అయాన్ చానెల్స్. వోల్టేజ్ మార్పును పసిగట్టి తెరుచుకునేవి వోల్టేజ్ గేటెడ్ చానెల్స్.

కాలికి ముల్లు గుచ్చుకుందనుకోండి. అక్కడి నరంలో వోల్టేజ్ దాదాపు మైనస్ 55కి చేరగానే సోడియం గేట్లు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకొచ్చి, వోల్టేజ్ ప్లస్‌లోకి వెళ్తుంది. సుమారు ఒక మిల్లీసెకనులోనే ఆ గేటుకు లోపలి నుంచి బిరడా పడుతుంది. కాస్త ఆలస్యంగా పొటాషియం గేట్లు తెరుచుకుంటాయి. పొటాషియం బయటికి పోయి, వోల్టేజ్ మళ్లీ దిగుతుంది. ఇలా పక్క గేటు, ఆ పక్క గేటు తెరుచుకుంటూ సిగ్నల్ పరుగెడుతుంది.

స్క్విడ్ అనే సముద్ర జీవి లావుపాటి నరంపై ప్రయోగాలు చేసి హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ఈ లెక్క తేల్చారు. 1963లో నోబెల్ అందుకున్నారు.

తేలు విషం చేసేది ఇదే..

చూడ్డానికి భయపెట్టే నల్లటి మండ్రగబ్బ కంటే చిన్న ఎర్ర తేలే ప్రమాదకరం. దాని విషం సోడియం గేటుకు బిరడా పడనివ్వదు. కొన్ని పొటాషియం గేట్లను కూడా మూసేస్తుంది. దాంతో నరం ఆగకుండా సిగ్నల్స్ పంపుతూనే ఉంటుంది. ఆ దెబ్బకి అడ్రినలిన్ లాంటి రసాయనాలు రక్తంలోకి పోటెత్తుతాయి. చెమటలు, చేతులు కాళ్లు చల్లబడటం, బీపీ పెరగడం అందుకే. ముదిరితే గుండె దెబ్బతిని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

నొప్పి తగ్గిందా..? అయినా జాగ్రత్త!

పన్ను పీకేటప్పుడు ఇచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్ కూడా ఇవే సోడియం గేట్లపై పనిచేస్తుంది, కాకపోతే మూసేస్తుంది. తేలు కుట్టిన చోట ఈ మత్తు సూది వేస్తే నొప్పి తగ్గుతుంది. కానీ విషం పోయినట్టు కాదు! ఒంట్లోకి పాకిన విషం తన పని తాను చేస్తూనే ఉంటుంది. పిల్లల్ని ఆసుపత్రిలో కొన్ని గంటలు గమనించాలనేది అందుకే.

మహారాష్ట్రలోని మహాడ్‌కు చెందిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, బీపీకి వాడే ప్రజోసిన్ మాత్ర తేలు కాటుకు పనిచేస్తుందని చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ దక్కింది. ఇప్పుడు ఆసుపత్రుల్లో ఈ మందు, తేలు విషానికి విరుగుడు ఇంజెక్షన్ వాడుతున్నారు. ప్రజోసిన్‌తో బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, సొంతంగా మింగొద్దు.

కుట్టిన చోట కొయ్యడం, గట్టిగా కట్టడం చేయొద్దు. మంత్రం, పసరు అంటూ టైం పోగొట్టొద్దు. సబ్బు నీళ్లతో కడిగి, 108కి ఫోన్ చేయండి.

(గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. చికిత్సకు డాక్టర్‌ను సంప్రదించండి.)